మట్టిలో మనిషి బొమ్మ నేర్చుకోవాలంటే: ఏ మట్టి, ఏ పద్ధతి, ముందు ఏ భాగం?

మనిషి ఆకారాన్ని మట్టిలో చేయడం నేర్చుకోవాలనుకునే వాళ్ళు మొదట అడిగేది "ఏ మట్టి కొనాలి?" అని. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. మొదట్లో చేసే బొమ్మల్ని ఏం చేద్దామనుకుంటున్నారు? దాచుకుందామంటే ఒక దారి, నేర్చుకుందామంటే ఇంకో దారి. నేను చెప్పేదంతా రెండో దారి గురించే. నేర్చుకునే రోజుల్లో బొమ్మ కలకాలం నిలవక్కర్లేదు. చెయ్యి తప్పు చోట అతికిందని తెలియగానే దాన్ని కోసి మళ్ళీ పెట్టగలగాలి. నడుము విరుపు కుదరలేదంటే మొండెం మొత్తాన్ని పట్టుకుని తిప్పేయగలగాలి. ఆ పని ఏ మట్టిలో, ఏ సైజులో, ఏ ఏర్పాటుతో సులువో అదే మీకు సరైనది. కింద ప్రతి పోలికలోనూ నేను చూసేది ఈ ఒక్క విషయమే.

నీటి మట్టి, ఆయిల్ క్లే

నీళ్ళతో కలిపి పిసికే మామూలు బంకమట్టి చేతికి లొంగినంతగా ఇంకేదీ లొంగదు. పెద్ద ముద్ద తీసుకుని కొద్ది నిమిషాల్లో ఛాతీ, నడుము, తొడలు దింపేయొచ్చు. బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే తుంటి కింద నీడ పడుతుంది. ఎక్కువైతే చివర తీగ ఉచ్చు ఉండే లూప్ టూల్‌తో తీసేయొచ్చు, తక్కువైతే ఇంకో ముద్ద అద్దొచ్చు. 17వ శతాబ్దంలో ఇటలీ శిల్పి బెర్నీనీ పాలరాతి శిల్పాలు మొదలుపెట్టే ముందు చేసుకున్న చిన్న మట్టి నమూనాలు కొన్ని ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. వాటి మీద వేళ్ళ గుర్తులు, పనిముట్ల గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. కళ్ళూ ముక్కూ పూర్తిగా తీర్చకపోయినా ఒంటి విరుపు, బట్ట ఎగిరే తీరు వెంటనే తెలిసిపోతాయి. తడి మట్టి తప్ప ఇంకేదీ అంత వేగంగా పని చేయనివ్వదు.

ఇబ్బందల్లా అది ఆరిపోవడం. పైగా బొమ్మంతా ఒకేలా ఆరదు. మందంగా ఉన్న ఛాతీ రోజుల తరబడి మెత్తగానే ఉంటుంది. చీలమండ, మణికట్టు, వేళ్ళు, చెవి అంచు మాత్రం గంటల్లోనే గట్టిపడతాయి. అందుకే లేచి వెళ్ళే ముందు పాత కాటన్ గుడ్డను తడిపి, బాగా పిండి, ముందుగా ఈ సన్నటి భాగాలకే చుట్టాలి. తర్వాత మొత్తం మీద పల్చటి ప్లాస్టిక్ కవర్ కప్పి, అడుగున గాలి చొరబడకుండా కట్టాలి. నీళ్ళు కారుతున్న గుడ్డ చుడితే మట్టి మెత్తబడి జారిపోతుంది. ముఖం లాంటి చోట గుడ్డ అచ్చు పడకుండా, చుట్టూ నాలుగు పుల్లలు గుచ్చి ప్లాస్టిక్‌ని వాటి మీద ఆనించాలి. ఇదంతా ప్రతిసారీ చేయాలి. వారానికి ఒక్కసారి మాత్రమే కూర్చోగలిగే వాళ్ళకు ఇదే పెద్ద టెన్షన్.

ఆయిల్ క్లేలో ఉండేది మట్టిపొడి, నూనె, మైనం. నీళ్ళు లేవు కాబట్టి ఆరదు, పగలదు, కుదించుకోదు. నెలల తర్వాత కవర్ తీసినా వదిలిన చోటి నుంచే మొదలుపెట్టొచ్చు. అదే మట్టిని ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. సాఫ్ట్, మీడియం, హార్డ్ అని రకరకాల గట్టిదనంలో దొరుకుతుంది. చల్లటి గదిలో హార్డ్ రకం సబ్బు బిళ్ళలా బిగుసుకుపోతుంది. బల్బు వేడి కింద పెట్టి మెత్తబరచుకుంటే తప్ప వేలు దిగదు. మొదలుపెట్టే వాళ్ళకు సాఫ్ట్ గానీ మీడియం గానీ చాలు. ముక్కు అంచు, కనురెప్ప, గోరు లాంటివి పదునుగా తీర్చడానికి హార్డ్ బాగుంటుంది, కానీ ఆ అవసరం ఇప్పట్లో రాదు.

ఆయిల్ క్లేతో ఒక ప్రమాదం ఉంది. ఎలాగూ ఆరదు కదా అని ఒకే బొమ్మ మీద నెలల తరబడి కూర్చుంటారు. కాలు తుంటికి అతికిన కోణమే తప్పని తెలిసినా దాన్ని కదపకుండా కనుబొమ్మలు నునుపు చేస్తూ ఉంటారు. తడి మట్టి అలా కూర్చోనివ్వదు. అది ఆరిపోయే లోపు పెద్ద విషయాలు తేల్చుకోవాల్సిందే. కొత్తవాళ్ళకు ఆ తొందరే మేలు చేస్తుంది.

రోజూ కాసేపైనా కూర్చోగలిగి, నేల మీద మట్టి పడినా ఫర్వాలేదనుకునే చోటు ఉంటే నీటి మట్టి తీసుకోండి. వారాంతాల్లోనే వీలవుతుందంటే, పని చేసే చోటే పడుకునే చోటు కూడా అయితే ఆయిల్ క్లే తీసుకోండి. దాంతో చేసినా ఒక్కో బొమ్మకు గడువు పెట్టుకుని, గడువు కాగానే ముద్ద చేసేయండి.

నీటి మట్టి వాడేవాళ్ళు జాగ్రత్త పడాల్సినవి రెండున్నాయి. ఆరిన మట్టి ధూళిలో సిలికా ఉంటుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అందుకే చీపురుతో ఊడవకుండా తడి గుడ్డతో తుడవాలి. ఆరిన బొమ్మను గరుకు కాగితంతో రుద్దకూడదు. చేతులూ పనిముట్లూ సింకులో కాకుండా బకెట్లో కడగండి. సింకులో కడిగితే పైపు పూడుకుపోతుంది. బకెట్ అడుగున పేరుకున్న మట్టిని మళ్ళీ వాడుకోవచ్చు కూడా.

పాలిమర్ క్లే గురించి చాలామంది అడుగుతారు. అది పీవీసీతో చేసిన ప్లాస్టిక్ పదార్థం. మామూలు ఓవెన్‌లో సుమారు 130 డిగ్రీల దగ్గర గట్టిపడుతుంది. ప్యాకెట్ మీద రాసిన వేడి దాటితే మాడి హానికరమైన పొగ వస్తుంది. అరచేతిలో పట్టే బొమ్మను రంగులతో సహా పూర్తి చేసి దాచుకోవడానికి చాలా మంచిది. నేర్చుకోవడానికి మాత్రం నేను చెప్పను. అంత చిన్న సైజులో పెద్ద ఆకారాల పొందిక అలవడదు, చెయ్యి వివరాల మీదికే పోతుంది. గాలికి ఆరే మట్టి ఇంకా కష్టం. లోపల వైరు ఉంటే ఆరేటప్పుడు పగుళ్ళిస్తుంది, ఆరిన భాగానికి కొత్త మట్టి సరిగా పట్టదు. తప్పు దిద్దుకోనివ్వని మట్టితో నేర్చుకునేదేముంది?

లోపల వైరు పెట్టాలా, వద్దా

నిలబడ్డ మనిషి బరువంతా రెండు సన్నటి చీలమండల మీద ఉంటుంది. మెత్తటి మట్టికి ఆ బరువు మోసే సత్తా లేదు. కాబట్టి నిలబడ్డ బొమ్మకు ఆర్మేచర్, అంటే లోపలి చట్రం తప్పదు. మొండెం, పడుకున్న మనిషి, దిమ్మ మీద కూర్చున్న మనిషి లాంటివైతే చట్రం లేకుండానే చేయొచ్చు.

ఈ నిర్ణయం బట్టీతో, అంటే బొమ్మను కాల్చి గట్టిపరిచే కొలిమితో ముడిపడి ఉంది. మట్టి ఆరేటప్పుడు, కాలేటప్పుడు కలిపి సాధారణంగా 8 నుంచి 12 శాతం కుదించుకుంటుంది. 40 సెం.మీ. బొమ్మ 36 అవుతుంది. లోపలి వైరు కుదించుకోదు కాబట్టి దాని చుట్టూ ఉన్న మట్టి చీలిపోతుంది. పైగా అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది, బట్టీ వేడి 1000 దాకా వెళ్తుంది. కాబట్టి కాల్చాలనుకుంటే చట్రం లేని బొమ్మ చేయాలి, లేదా తర్వాత వైరు తీసేసేలా ముందే ఆలోచించుకోవాలి. మట్టిని మళ్ళీ ముద్ద చేసేయడమో, అచ్చు తీసి ప్లాస్టర్‌లో పోసుకోవడమో అనుకుంటే వైరు గురించి బెంగ అక్కర్లేదు.

వైరు పెట్టే పద్ధతులు రెండు. ఒకటి, కాళ్ళలోంచి వచ్చే వైరునే చెక్క పీటకు బిగించి బొమ్మను దాని మీద నిలపడం. రెండోది, పీట మీద వెనకవైపు ఒక ఇనుప కడ్డీ నిలబెట్టి, దాన్ని వంచి బొమ్మ నడుము కింది భాగంలోకి దూర్చడం. ఇందులో బరువంతా కడ్డీ మోస్తుంది, కాళ్ళు స్వేచ్ఛగా వేలాడతాయి. మోకాలు వంచాలన్నా, పాదం రెండు వేళ్ళ మేర జరపాలన్నా ఒక్క నిమిషం పని. మొదటి పద్ధతిలో పాదాలు బిగిసిపోయి ఉంటాయి కాబట్టి, కాలు కదిపితే ఒళ్ళంతా కదులుతుంది. వెనక కడ్డీ కంటికి అడ్డమే, బొమ్మ తనంతట తాను నిలబడదు కూడా. అయినా నేర్చుకునే వాళ్ళకు నేను రెండోదే చెబుతాను, దిద్దుబాటు అందులోనే సులువు.

30–40 సెం.మీ. బొమ్మకు మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం వైరును రెండు పేటలుగా మెలిపెడితే సరిపోతుంది. ముందు కాగితం మీద బొమ్మను అదే సైజులో గీసుకుని, కీళ్ళ గుర్తులు పెట్టుకుని, వైరును దాని మీద పెట్టి వంచండి. చెయ్యికి అవసరమైన దానికంటే కొంచెం పొట్టిగానే ఉంచండి. వైరు ఎప్పుడూ చేతి మధ్యలో, కాలి మధ్యలో నడవాలి. మోచేతి దగ్గర వైరు పైకి తేలితే మీరు వైరుకు సరిపడా మోచెయ్యి చేయడం మొదలుపెడతారు, మనిషికి సరిపడా కాదు. మట్టి పెట్టకముందే ఉత్త వైరును దూరం నుంచి చూడండి. నిలబడ్డ తీరు అందులోనే తెలియాలి. వైరులో లేని ఊపు మట్టిలో రావడం కష్టం.

ఎంత సైజు

ఎత్తు రెండింతలైతే మట్టి ఎనిమిదింతలు అవుతుంది. 40 సెం.మీ. నిలువు మనిషికి పీట కాకుండా సుమారు ఒకటిన్నర కేజీ మట్టి పడుతుంది. 80 సెం.మీ. అంటే పన్నెండు, పదమూడు కేజీలు. అంత బరువును రోజూ విరిచి కట్టలేరు. 20 సెం.మీ. లోపల వేళ్ళు అడ్డం పడతాయి. 30 నుంచి 40 మధ్య ఉంచుకోండి.

తల ముందా, మొండెం ముందా

అందరికీ ముఖం చేయాలని ఉంటుంది. దానికి సౌకర్యాలూ ఉన్నాయి. చట్రం సులువు, ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టొచ్చు. కానీ ముఖంతో మొదలుపెడితే "పోలిక వచ్చిందా, లేదా" అన్న ఒక్క ప్రశ్న చుట్టూనే మనసు తిరుగుతుంది. పెదవి దిద్ది, కన్ను దిద్ది, పోలిక రాక నిరుత్సాహపడి మానేసిన వాళ్ళను చాలామందిని చూశాను. అసలు తప్పు చాలాసార్లు పుర్రె ఆకారంలో ఉంటుంది. కళ్ళు తల ఎత్తుకు సరిగ్గా సగంలో ఉంటాయి, వాటి మీద ఇంకా సగం తల ఉంది. కొత్తవాళ్ళు ఆ పై సగాన్ని కోసేస్తారు. వెనక తలను కూడా అలాగే చప్పగా వదిలేస్తారు.

నేను మొండెంతో మొదలుపెట్టమంటాను. తల లేదు, చేతులు లేవు, తొడల మధ్య దాకా కాళ్ళు. చట్రం అక్కర్లేదు, ముఖం ఊరించదు. ఉండేవి రెండే ముద్దలు: పక్కటెముకల గూడు, కటి (తుంటి ఎముకల భాగం). మనిషి ఎలా నిలబడ్డాడన్నది ఈ రెండింటి మధ్య ఉన్న వంపును బట్టే ఉంటుంది. ఫ్రెంచి శిల్పి రోడాన్ చేసిన 'నడిచే మనిషి' శిల్పానికి తల లేదు, చేతులు లేవు. అయినా ఆ అడుగు ఎంత బలంగా పడుతోందో కనిపిస్తూనే ఉంటుంది.

దీన్ని మీ ఒంటి మీదే పరీక్షించుకోవచ్చు. అద్దం ముందు నిలబడి, నడుము ముందు రెండు వైపులా పొడుచుకొచ్చే తుంటి ఎముకల కొనల మీద చెరో చూపుడు వేలు పెట్టండి. ఇప్పుడు బరువంతా కుడి కాలి మీద వేసి, ఎడమ మోకాలు వదులు చేయండి. కుడి వేలు పైకి లేస్తుంది, ఎడమ వేలు కిందికి దిగుతుంది. భుజాలు చూడండి, కుడి భుజం దిగి ఉంటుంది. అంటే కుడివైపు పక్కటెముకలూ తుంటీ దగ్గరై నడుము దగ్గర చర్మం ముడత పడింది, ఎడమవైపు సాగింది. ఇప్పుడు గొంతు గుంట నుంచి ఒక దారానికి బరువు కట్టి వదిలామనుకోండి. అది దాదాపు కుడి చీలమండ లోపలి ఎముక మీదికే వస్తుంది. రాకపోతే పడిపోతారు. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో గ్రీకు శిల్పి పాలిక్లీటస్ చేసిన ఈటె పట్టిన యువకుడి శిల్పం నిలబడింది ఇలాగే. అసలు కంచు విగ్రహం ఇప్పుడు లేదు, రోమన్లు చేయించుకున్న రాతి నకళ్ళు ఉన్నాయి.

మట్టిలో దీన్ని చేయడానికి రెండు ముద్దలను గుడ్డు ఆకారంలో చేసి, ఒకదాని మీద ఒకటి ఎదురెదురు వాలుల్లో పెట్టండి. మధ్యలో ముందు వెన్నెముక గీత, తర్వాతే పొట్ట కండ. ముందు నుంచి బాగుందనిపించగానే పక్కకు తిప్పండి. చాలా బొమ్మలు దొరికిపోయేది అక్కడే. పక్క నుంచి చూస్తే పక్కటెముకల గూడు కాస్త వెనక్కి, కటి కాస్త ముందుకు వాలి ఉండాలి. మెడ నిటారుగా కాకుండా ముందుకు వంగి రావాలి. తొడ ముందుకు, పిక్క వెనక్కి ఉండాలి. కొత్తవాళ్ళ బొమ్మల్లో ఇవన్నీ ఒకే నిలువు గీత మీద ఉంటాయి.

కొన్ని మొండేలు చేసి విరిచాక పూర్తి మనిషికి వెళ్ళండి. అప్పుడు కొలతలు కావాలి. సాధారణ మనిషి ఎత్తు ఏడున్నర తలలు, గంభీరంగా కనిపించాలనుకున్న శిల్పాల్లో ఎనిమిది దాకా వెళ్తుంది. మొత్తం ఎత్తుకు సగం జఘనాస్థి (పొత్తికడుపు అడుగున ముందుండే ఎముక) దగ్గర వస్తుంది, నాభి దగ్గర కాదు. పాదం పొడవు దాదాపు మోచేతి మడత నుంచి మణికట్టు దాకా ఉన్నంత. మణికట్టు నుంచి వేళ్ళ కొనల దాకా చెయ్యి, గడ్డం నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యే దాకా ఉన్నంత. ఇవి సరిచూసుకోవడానికే, వీటితో బొమ్మ కట్టడానికి కాదు.

కండరాలు ముందే చదవాలా అని కొందరు అడుగుతారు. ఊదోన్ అనే ఫ్రెంచి శిల్పి 1767లో చర్మం లేకుండా కండరాలు కనిపించే మనిషి శిల్పం చేశాడు. దాని నకళ్ళు ఎన్నో కళాశాలల్లో పాఠంగా నిలిచాయి. అలాంటిది ఒకటి ఎదురుగా పెట్టుకుని చేయడం గొప్ప అభ్యాసమే, కానీ రెండో మెట్టులో. ముందు ఎముకలు పైకి తేలే చోట్లు చాలు: గొంతు గుంట, కాలర్ ఎముకలు, రొమ్ము ఎముక చివర, తుంటి కొనలు, మోకాలి చిప్ప, చీలమండ. మనిషి లావైనా సన్నమైనా ఇవి ఉన్న చోటే ఉంటాయి.

ఎదురుగా మనిషి, ఫోటో, పాత శిల్పం

ఎదురుగా మనిషి ఉండటానికి సాటి లేదు. రోడాన్ మోడల్‌ని అన్ని వైపుల నుంచీ చూస్తూ, ఒక్కో కోణంలో అంచు గీతను మట్టిలో సరిచూసుకుంటూ పోయేవాడు. 1877లో ఆయన 'కంచు యుగం' శిల్పం పారిస్‌లో పెడితే, బతికున్న మనిషి ఒంటి మీదే అచ్చు తీశాడని నింద వేశారు. కేవలం చూసి చేసిన పని అంత నిజంగా ఉంది. మోడల్‌ని పెట్టి చేయించే క్లాసు అందుబాటులో ఉంటే మిగతా ఖర్చులు తగ్గించుకుని అయినా దానికి వెళ్ళండి. మోడల్‌ని కొద్దిసేపటికోసారి తిప్పుతారా, లేక మీరు ఒకే చోట కూర్చోవాలా అని ముందే అడగండి. ఒకే వైపు నుంచి చూసి చేసింది బొమ్మ కాదు, ముందు భాగం మాత్రమే.

ఫోటోలతో చేయాల్సి వస్తే ఒకే భంగిమను చుట్టూ 45 డిగ్రీలకొకటి చొప్పున ఎనిమిది తీయండి. కనీసం మూడు మీటర్ల దూరం నుంచి, కెమెరా బొడ్డు ఎత్తులో పెట్టి తీయాలి. దగ్గర నుంచి తీస్తే ముందున్న మోకాలు ఉబ్బి, తల చిన్నదవుతుంది. మీరు ఆ తప్పునే శ్రద్ధగా మట్టిలోకి దింపుతారు. మంచి శిల్పాల ప్లాస్టర్ నకళ్ళు చూసి చేయడం ఫోటోల కంటే మేలు. అది కదలదు, చుట్టూ తిరగొచ్చు, ఏది ఉంచాలో ఏది వదలాలో ఒక గొప్ప శిల్పి అప్పటికే తేల్చి పెట్టాడు. చేతులకూ పాదాలకూ మీ సొంతవే చాలు.

గురువా, వీడియోనా

పనిముట్టు పట్టుకోవడం, చట్రం కట్టడం, మట్టి పిసకడం వీడియోల్లో బాగా నేర్చుకోవచ్చు. ఆపి, వెనక్కి తిప్పి చూసే వీలుంది. అవి చేయలేనిది ఒక్కటే, మీ బొమ్మను చూడటం. పక్కన నిలబడి "ఈ తుంటి ఎత్తు చూడు" అని వేలితో చూపించే మనిషి మీ నెలల శ్రమను ఆదా చేస్తారు. రెండూ కలపగలిగితే మంచిది. ఇంట్లో వీడియోలతో చేసుకుంటూ, అప్పుడప్పుడు అనుభవమున్న వాళ్ళకు చూపించుకోవచ్చు. గురువును ఎంచుకునేటప్పుడు, విద్యార్థి బొమ్మ మీద తానే చెయ్యి పెట్టి దిద్దేస్తారా, లేక తప్పు చూపించి విద్యార్థితోనే దిద్దిస్తారా చూడండి. రెండో వాళ్ళ దగ్గర చేరండి.

పనిముట్ల మీద ఎక్కువ ఆలోచించకండి. ఒక చెక్క టూల్, ఒక లూప్ టూల్, మట్టి కోసే వైరు, కొలత తీసుకునే కాలిపర్, తిరిగే పీట. తిరిగే పీట మాత్రం తప్పనిసరి. మిగతావి చేతివేళ్ళే చేస్తాయి.

ఉంచుకోవాలనిపించే బొమ్మ వచ్చినప్పుడు

ఎప్పుడో ఒక మొండెమో, కూర్చున్న మనిషో విరవబుద్ధి కాదు. అది నీటి మట్టిదైతే, వేలితో నొక్కితే దిగకుండా కత్తితో కోస్తే తెగే స్థితికి ఆరనిచ్చి, వైరుతో రెండుగా కోసి, లోపలి మట్టి తోడేయండి. గోడ ఒకటి, రెండు సెంటీమీటర్ల మందం మిగలాలి. అతికే అంచులను గీతలు గీసి, పలచటి మట్టి రాసి కలపాలి. ఎక్కడో కనపడని చోట గాలి పోయే రంధ్రం ఉంచి, కొన్ని వారాలు నెమ్మదిగా ఆరనివ్వాలి. లోపల తడి మిగిలితే బట్టీలో అది ఆవిరై బొమ్మను పేల్చేస్తుంది. కాల్చిన మట్టి నూకలు, అంటే గ్రాగ్ కలిసిన మట్టి అయితే పగుళ్ళు తక్కువ. కాల్చే ఉద్దేశం ఉంటే మొదటి నుంచీ అదే వాడండి.

ఆయిల్ క్లే బొమ్మను బట్టీలో పెట్టకూడదు, కరిగి అంటుకుంటుంది. దానికి అచ్చు తీయడమే దారి. సిలికాన్‌తో తీయాలనుకుంటే కొనేటప్పుడే గంధకం లేని ఆయిల్ క్లే అడగండి. గంధకం ఉన్న మట్టి మీద ప్లాటినం రకం సిలికాన్ గట్టిపడకుండా జిగటగా ఉండిపోతుంది, దాంతో అచ్చు పనికిరాదు, బొమ్మ పైభాగమూ పాడవుతుంది.